దీపం మీద బొట్టు

ఇప్పటి పిల్లల్ని మీ ఫైళ్ళు ఎక్కడున్నాయని అడిగితే ఆకాశం వైపు చెయ్యి ఊపుతారు. ఎక్కడో మబ్బుల్లో ఉన్నాయట. మా రోజుల్లో ఫైళ్ళు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించేవాళ్ళం. ఇదిగో ఈ గదిలో, ఈ పెట్టెలో, ఈ డిస్కులో అని. ఆ వేలు పెట్టి చూపించడంలోనే ఒకసారి కొంప మునగబోయింది. అదృష్టవశాత్తు మా కొంప మునగలేదు. మునిగిన కొంప వేరొకరిది. యంత్రాల ఆలనాపాలనా చూసే ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఆ సంగతి రాస్తున్నాను. ముసలాయన చాదస్తం అనుకుని చదివినా నాకేం అభ్యంతరం లేదు.

ముందు నా గురించి చెప్పాలి. నేను ఒక చోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. విజయనగరం వైపు పుట్టి, సైన్యంలో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే పనిలో సగం జీవితం గడిపాను. పింఛను పుచ్చుకుని సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాక ఏం చెయ్యాలో తోచలేదు. గోడ గడియారం విప్పి మళ్ళీ బిగించాను. రేడియో విప్పి బిగించాను. మిక్సీ విప్పాను గానీ అది మళ్ళీ బిగుసుకోలేదు. ఇంట్లో నాలుగు సామాన్లు మిగలాలంటే మీరు ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో చేరాలి అని మా ఆవిడ తేల్చి చెప్పేసింది.

అప్పుడు ఊరు ఊరంతా కంప్యూటర్ల మీద ఊగిపోతోంది. సికింద్రాబాదులో ఏ మేడ చూసినా పైఅంతస్తులో ఒక శిక్షణ కేంద్రం, కింద జిరాక్సు కొట్టు. ఇవాళ పక్క కుర్చీలో ఉన్న కుర్రాడు రేపు బెంగుళూరులో తేలేవాడు. నాలాగే ఎవరికీ కాలు నిలవని కాలం అది. అందుకే కాబోలు నాకు తెగ నచ్చింది.

చిలకలగూడలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో చేరాను. పని ఏమిటంటే, అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి ఫోన్లో చెప్పి పెడతారు. ఆ గొంతులు మా దగ్గరికొస్తాయి. మా పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గొంతుని ఆపడానికీ నడపడానికీ కాలి కింద పెడల్ తొక్కుతూ, విన్నది విన్నట్టు టైపు చేస్తారు. వాళ్ళకి తెల్లవారేసరికి కాగితం అందాలి. ఫలానా రోగికి ఫలానా మందు పడదు అని డాక్టరు చెప్పిన ముక్క మా దగ్గర పోతే, అక్కడ ఒక మనిషి ప్రాణం మీదకి రావచ్చు. ఆ గొంతులూ, ఆ కాగితాలూ అన్నీ ఒకే పెట్టెలో ఉండేవి. ఆ పెట్టె నాది. అంటే చూసుకునేవాణ్ణి నేను. నాకు ముందున్నవాడు దసరా అయిన వెంటనే మంచి జీతం చూసుకుని వెళ్ళిపోయాడు. నేను దీపావళి తర్వాత చేరాను.

ఆఫీసులో నిజంగా పని నడిపించే మనిషి ఒకావిడ ఉండేది. పేరుకి అడ్మిన్. జనరేటర్లో డీజిల్ ఉందా, రాత్రి పాళీ ఆడపిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపే బండి వచ్చిందా, ఇంటి ఓనరు నీళ్ళు వదిలాడా, అన్నీ ఆవిడే. పిల్లలంతా అక్కా అనేవాళ్ళు. నాకంటే బాగా చిన్నది కాబట్టి నేను అమ్మా అనేవాణ్ణి. ఆవిడ నన్ను పెద్దసారు అనేది. బోయిగూడ మనిషి. పుట్టింటివాళ్ళది కలప అడితి, అందులో కోతమిషను. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం చేసిన మొదటి మనిషి తనే. ఆ కుర్చీ అంటే ఆవిడకి ఎంత గౌరవమో, రోజూ ముందు దాన్ని తుడిచి ఆ తర్వాత కూర్చునేది.

మా మేనేజరు ముప్పై దాటని కుర్రవాడు. తెలివైనవాడే, కష్టపడేవాడే. కాకపోతే అమెరికా నుంచి ఫోన్ వస్తుందంటే చాలు, మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. నాకు సైన్యంలో చిన్నవాళ్ళని సార్ అనడం బాగా అలవాటు కనుక ఆయనతో నాకు ఇబ్బంది ఉండేది కాదు.

ఇక ఆ పెట్టె సంగతి. అందులో అయిదు డిస్కులు, పుస్తకాలు నిలబెట్టినట్టు పక్కపక్కన ఉండేవి. దేనికదే పట్టుకుని లాగితే బయటికి వచ్చేది. ఏ ఫైలూ ఒక్క డిస్కులో ఉండదు. అయిదింటిలోనూ ముక్కలుగా పంచి ఉంటుంది. అందులోనే ఒక కిటుకు కూడా ఉంటుంది. ఏ ఒక్క డిస్కు చచ్చిపోయినా మిగతా నాలుగూ కలిసి దానిలో ఏముండేదో లెక్కకట్టి చెప్పగలవు. పని ఆగదు, కొంచెం మందగిస్తుంది, అంతే. చచ్చినదాన్ని లాగేసి కొత్తది పెడితే నాలుగూ కలిసి దానికి పాతదంతా నేర్పేస్తాయి. కానీ ఒకటి చచ్చి ఉండగా రెండోది కూడా పోయిందా, మొత్తం పోయినట్టే. ఇక బ్రహ్మదేవుడు కూడా తేలేడు.

అందుకే ఏది చచ్చిందో తెలుసుకోవడం ముఖ్యం. ప్రతి డిస్కు మొహం మీదా ఒక చిన్న దీపం ఉంటుంది. పని చేస్తుంటే పచ్చగా మిణుకుమంటుంది. చచ్చిపోతే నారింజ రంగులో నిలిచి వెలుగుతుంది. ఎంత తేలికో చూడండి.

నేను చేరిన రోజు ఆ గదిలోకి వెళ్ళి చూస్తే దీపాలు లేవు. అయిదు డిస్కులకీ అయిదు బొట్లున్నాయి. గంధం దట్టంగా పెట్టి, మధ్యలో కుంకుమ అద్ది, ఎండి గట్టిపడి ఉన్నాయి. ఆయుధపూజ నాడు అక్కే పెట్టిందట. పూజకి ముందు పెట్టెనంతా శుభ్రంగా తడిగుడ్డతో తుడిపించింది. ఆ తుడుపులో డిస్కుల కింద అంటించిన నంబరు కాగితాలు కూడా ఊడిపోయాయి. నేను గుడ్డ తీసుకోబోతే ఆవిడ వద్దంది. మళ్ళీ దసరా వచ్చేదాకా బొట్టు చెరపకూడదట, దానంతటది రాలిపోవాలట. కోతమిషను బొట్టు చెరిపితే రంపం వేళ్ళు తింటుందని వాళ్ళ నాన్న అనేవాడట. మేమూ పటాలంలో తుపాకులకీ లారీలకీ బొట్లు పెట్టినవాళ్ళమే. ఇంటికి వచ్చినట్టనిపించి నేనూ ఊరుకున్నాను.

అక్కడే పెట్టాలని ఎందుకు అనిపించిందమ్మా అని అడిగాను. ఆవిడ కొంచెం సిగ్గుపడింది.

"గా జాగ గుండ్రంగ బొట్టు కోసమే జేసినట్టున్నది పెద్దసారు. మళ్ల గా చిన్న దీపం కొట్టుకుంటుంటే దాని పాణం గాడనే ఉన్నదనిపిచ్చింది," అంది.

ప్రాణం అక్కడే ఉందన్న మాట తప్పు కూడా కాదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున నేను మెట్లెక్కుతుండగానే పిల్లలు చుట్టుముట్టారు. ఫైలు తెరవమంటే తెరుచుకోవడం లేదు, గొంతు ఆగి ఆగి వస్తోంది అని. గదిలోకి పరిగెత్తి తెర మీద చూస్తే రెండో నంబరు డిస్కు చచ్చిపోయిందని ఉంది. ఎప్పుడు పోయిందో వెనక్కి వెళ్ళి చూస్తే ఆ రోజు కాదు, చాలా రోజుల కిందటే పోయింది. నాలుగు డిస్కులు అయిదింటి బరువు మోస్తూ ఇన్నాళ్ళూ నడిచాయి. ఆ పొద్దున పని ఎక్కువై ఆయాసపడ్డాయి.

దీపం కనబడకపోతే పోనీ, డిస్కు చస్తే పెట్టె గోలగోలగా అరవాలి కదా. ఎందుకు అరవలేదు? చూస్తే అరుపు ఆపేసి ఉంది. వెనకాల నిలబడ్డ అక్కని అడిగాను. వానాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది కూసేదట. డాక్టర్ల మాట వినపడటం లేదని పిల్లలు గొడవ చేస్తే మేనేజరు పాత ఇంజనీరుతో దాని నోరు మూయించేశాడట. అంటే అరుపూ లేదు, వెలుగూ లేదు. పాపం అది ఎవరికి చెప్పుకుంటుంది?

ఇంతలో మేనేజరు వచ్చాడు. ఆ సాయంత్రం అమెరికావాళ్ళతో మాట్లాడే పని ఉంది, కాంట్రాక్టు పొడిగించే విషయం. కొత్త డిస్కు బీరువాలోనే ఉంది కదా అని తనే తీసుకొచ్చాడు. తెర చూశాడు. రెండోది అని ఉంది. పెట్టె ముందు వంగి, ఎడమ నుంచి ఒకటి, రెండు అని వేలితో లెక్కపెట్టి, రెండోదాని పిడి పట్టుకున్నాడు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

ఆఫీసరు మీద చెయ్యి వెయ్యడం నా సర్వీసు మొత్తంలో అదే మొదటిసారి. ఆయన బిత్తరపోయాడు. ఈ యంత్రాలు చేసినవాళ్ళలో కొందరు ఒకటి నుంచి లెక్కపెడతారు, కొందరు సున్నా నుంచి మొదలుపెడతారు సార్, ఎడమ నుంచో కుడి నుంచో కూడా మనకు తెలియదు, కాగితాలేమో ఊడిపోయాయి అని గబగబా చెప్పాను. బతికి ఉన్నదాన్ని లాగితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

"మరి ఏది పోయిందో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు.

దీపం చెప్పాలి అన్నాను. ముగ్గురం బొట్ల వైపు చూశాం.

అయితే దానికంటే ముందు ఇంకో పని ఉంది. కొత్త డిస్కుకి పాతదంతా నేర్పేటప్పుడు మిగతా నాలుగింటికీ విపరీతమైన శ్రమ. అన్నీ ఒకే రోజు కొన్న డిస్కులు, ఒకే వయసువి. ఆ శ్రమలో ఇంకొకటి పోతే? ఉన్నదంతా వేరే టేపు మీదకి ఎక్కించే మిషను ఒకటి ఉండేది గానీ అది రిపేరుకి వెళ్ళి తిరిగి రాలేదు. అందుకని ముందు ఇంకా పంపని గొంతులూ కాగితాలూ పిల్లల కంప్యూటర్లలోకి కాపీ చేద్దామన్నాను. మేనేజరు గడియారం చూసుకున్నాడు. టైము లేదన్నాడు. లాగేద్దామా అన్నాడు, వద్దన్నాను. మళ్ళీ అన్నాడు, మళ్ళీ వద్దన్నాను. చివరికి సరే అని బయటికి వెళ్ళి వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

కాపీ మొదలైంది. నాలుగు డిస్కులూ పనిచేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేను జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బొట్టు గీకబోయాను. అక్క అడ్డం వచ్చింది.

"ఇనుముతోని గీకకుండ్రి. నేనే పెట్టిన, నేనే తీస్త," అంది.

మొదట ఆవిడకి నచ్చలేదేమో అనుకున్నాను. కాదు. అప్పటికే విషయమంతా అర్థమైపోయింది ఆవిడకి. గుడ్డ కొస తడిపి, వేలికి చుట్టుకుని, పసిపిల్లకి కంట్లో పుసి తీసినట్టు మొదటి బొట్టు మెల్లగా తడిపి తీసింది. పచ్చదీపం మిణుకుమిణుకుమంటూ బయటపడింది. రెండోదీ తీసింది. మేనేజరు పిడి పట్టుకున్నది అదే. అదీ పచ్చగా మిణుకుతోంది. వెనకాల ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. చూస్తే మేనేజరు, ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మూడోది తీసింది. నారింజ రంగు.

నాకు అలవాటు, ఒక్క సాక్ష్యంతో తృప్తి ఉండదు. మిగతా రెండూ కూడా తీయించాను. పచ్చ, పచ్చ. నాలుగూ మిణుకుతున్నాయి, ఒకటి నిలిచిపోయింది. ఈ పెట్టె సున్నా నుంచి లెక్కపెట్టే రకమని అప్పుడు తేలింది. అయినా కాపీ పూర్తయ్యేదాకా ఎవర్నీ దాన్ని తాకనివ్వలేదు. కాలుకాలిన పిల్లిలా ఆ గదికీ పిల్లల గదికీ మధ్య తిరిగాను. అక్క స్టూలు వేసుకుని పెట్టె ఎదురుగా కూర్చుని కళ్ళు తిప్పకుండా దీపాల్నే చూసింది. టీ తెప్పించినా ముట్టుకోలేదు.

కాపీ అయ్యాక చచ్చినదాన్ని లాగి కొత్తది పెట్టాను. తెర మీద శాతం అంకె నత్తనడక నడిచింది. మధ్యాహ్నం దాటింది. ఎండ కిటికీ మారింది. ఆ రోజు పొద్దుటిపాళీ పిల్లలు ఇళ్ళకి పోలేదు, సాయంత్రంపాళీ పిల్లలు ముందే వచ్చేశారు, అందరూ వరండాలోనే. చీకటి పడకముందే అంకె నూరుకి చేరింది. అయిదు పచ్చదీపాలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం లేచి, మొహం కడుక్కుని, డీజిల్ చూసిరావడానికి కిందికి వెళ్ళింది.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను రాసేవాణ్ణి కాను. పెట్టెలు బాగవడం పెద్ద వింతేం కాదు.

ఆ రోజు కాగితాలు అమెరికాకి ఆలస్యంగా వెళ్ళాయి. ఎందుకు ఆలస్యమైందో, కారణమేమిటో రాసి పంపమని అక్కణ్ణుంచి అడిగారు. మేనేజరు కూర్చుని రాశాడు. నాకు చూపించాడు. చక్కటి ఇంగ్లీషు. ఫలానా పేరుగల అడ్మిన్ ఉద్యోగిని మతపరమైన పూజ పేరుతో హెచ్చరిక దీపాల్ని కప్పివేసినందువల్ల ఇది జరిగిందని, ఆమెను తొలగించామని ఉంది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. తిలా పాపం తలా పిడికెడు సార్ అన్నాను. డిస్కు చావడం ఎవరి తప్పూ కాదు, అవి చస్తూనే ఉంటాయి. అరుపు ఆపించింది మీరు, టేపు మిషను రిపేరుకి పంపి పట్టించుకోనిది ఆఫీసు, బొట్లు చూసి కూడా ఊరుకున్నది నేను. రాస్తే అందరం అందులో ఉండాలి, లేకపోతే ఎవరూ వద్దు అన్నాను. ఆయన అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. నీరసంగా నా వైపు చూశాడు.

"వాళ్ళు కారణం అడిగారండీ. వాళ్ళకి ఒక పేరు కావాలి. లేకపోతే కాంట్రాక్టు పోతుంది, ఇంతమంది పిల్లలు రోడ్డున పడతారు. ఆవిడకేం, మార్కెట్ బాగుంది, ఎక్కడైనా దొరుకుతుంది," అన్నాడు.

మార్కెట్ బాగున్నది పిల్లలకి. నలభై దాటిన, ఇంగ్లీషు రాని మనిషికి ఏ మార్కెట్టూ బాగుండదు. ఆ మాట అనబోతుంటే తలుపు దగ్గర అక్క కనిపించింది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడింది. ఏడవలేదు.

"నా పేరే రాయుండ్రి సార్. పోరగాళ్లు పరేషాన్ కావొద్దు. కానీ పూజ జేసుడు తప్పని రాయకుండ్రి. దీపం కానరాకుంట బొట్టు పెట్టుడు తప్పు. గంత మట్టుకే రాయుండ్రి," అంది.

మేనేజరు తల ఊపాడు. ఆ ఒక్క మాటా మార్చాడో లేదో నాకు తెలియదు. అడగబుద్ధి కాలేదు. వారం తిరక్కుండానే ఆవిడ సామాను సర్దుకుంది. పెద్దగా ఏమీ లేదు, ఒక స్టీలు గ్లాసు, చెప్పుల జత, కుర్చీ తుడుచుకునే గుడ్డ. పిల్లలు ఏడ్చారు, ఫొటో దిగారు. ఆ తర్వాత కొన్నాళ్ళు డీజిల్ అయిపోయేది, బండి ఆలస్యంగా వచ్చేది. ఆవిడ పని తలా కాస్తా పంచుకున్నాం. కొంచెం మందగించింది గానీ ఆఫీసు ఆగలేదు. కొత్తగా ఒకబ్బాయి వచ్చాడు. ఆ కుర్చీలో కూర్చున్నాడు.

నాకు మాత్రం మనసు నిలవలేదు. ఏ పని చేస్తున్నా ఆ ఉత్తరానికి జవాబేమొచ్చిందా అనే ధ్యాస. రోజుకోసారి మేనేజరు గది ముందు నుంచి నడిచేవాణ్ణి. ఒక రోజు ఆయనే పిలిచి చూపించాడు. జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మా ఫైళ్ళు భద్రంగా ఉన్నాయని తెలిసి సంతోషం, ఇకమీదట హెచ్చరిక శబ్దం ఆపకండి. అంతే. కాంట్రాక్టు కాగితాలు కూడా దానితోపాటే వచ్చాయి. మొదట వాళ్ళు రాసింది కూడా అడిగి తీయించి చదివాను. కారణమేమిటని అడిగారు, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారని అడిగారు. ఎవరని ఎక్కడా అడగలేదు.

ఆవిణ్ణి మళ్ళీ పిలుద్దామా సార్ అన్నాను. ఆ పోస్టులోకి మనిషిని తీసుకున్నాం కదండీ అన్నాడు, తెర వైపు చూస్తూ.

ఆ ఆదివారం స్కూటరేసుకుని బోయిగూడ వెళ్ళాను. తమ్ముడి అడితిలో కలప కొలతలు రాసుకుంటూ కనిపించింది, రంపపు పొట్టు జుట్టు నిండా. నన్ను చూసి సంతోషించింది, తమ్ముడి చేత టీ తెప్పించింది. కోతమిషను చప్పుడుకి మాట వినపడకపోతే దాన్ని ఆపించింది. పెట్టె ఎట్లున్నదని అడిగింది, బాగుందన్నాను. పిల్లలు ఎట్లున్నరని అడిగింది, బాగున్నారన్నాను. అప్పుడు జవాబు సంగతి చెప్పాను. కాంట్రాక్టు నిలబడిందని, అంతా మంచే జరిగిందని. ఆవిడకి ఊరట కలుగుతుందనుకున్నాను. ఏ మొహంతో అలా అనుకున్నానో.

"నా పేరు సదివి ఏమన్నరు పెద్దసారు?" అంది.

ఏమీ అనలేదమ్మా, వాళ్ళు అసలు పేరే అడగలేదు అన్నాను.

ఆవిడ కొలతల పుస్తకం మూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. చిన్నపిల్ల లెక్క అర్థం కాక అడిగినట్టు అడిగింది.

"అడగకపోతె మరి ఎందుకు రాసిండ్రు?"

గ్లాసు కింద పెట్టి లేచాను. ఆ సంగతి మేనేజర్ని కనుక్కుని చెబుతానమ్మా అన్నాను. ఇప్పటికీ కనుక్కోలేదు.